అత్త మెడలో రాగి పుస్తె

మా మేనత్త మెడలో రెండు పుస్తెలుంటాయి. ఒకటి బంగారం, ఒకటి రాగి. పెళ్ళిలో ఒక పుస్తె అత్తింటివాళ్ళు తెస్తే ఒకటి పుట్టింటివాళ్ళు తెస్తారు కదా. బంగారంది అత్తింటిది. రాగిది మాది, అంటే మా నాన్న తన చెల్లెలికి పెట్టింది.

చాలా ఏళ్ళపాటు ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే నాకు తల తీసేసినంత పనయ్యేది. ఎందుకంటే నేను బతికేదే మ్యాచింగ్ మీద. పలాసలో నాకొక ఫ్యాన్సీ షాపుంది. వన్ గ్రామ్ గోల్డ్ సెట్లు, చీర పిన్నులు, వడ్డాణాలు, చేతి సంచులకు వేసే గొలుసులు, జాకెట్టు వెనక వేలాడే గుత్తులు, అన్నీ ఉంటాయి. పసుపు రంగువి ఒక గోడకి, తెల్లవి ఎదురు గోడకి, నల్లబరిచిన వెండి రంగువి కౌంటరు అద్దం కింద. ఎవరైనా ఒక గోడ మీదది తీసి రెండో గోడకు తగిలించారా, ఆ రోజంతా నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంటుంది. జీడిపప్పు ఫ్యాక్టరీల నుంచి సాయంత్రం పూట వచ్చే ఆడపిల్లల మీద కూడా అరిచాను. "బంగారం రంగు గొలుసు మీదకి తెల్ల దుద్దులేంటమ్మా, ఇంట్లో అద్దం లేదా?" అని మొహం మీదే అనేసేదాన్ని. నా నోటికి జడిసి పక్క కొట్టుకు పోయినవాళ్ళు తక్కువమంది కాదు.

ఇప్పుడు ఆ పిల్లలే వచ్చి ఫోను నా మొహం ముందు పెడుతున్నారు. "మేడమ్, ఇలాగ అన్నీ కలిపేసి ఉండాలి, మిక్స్ మెటల్" అంటున్నారు. ఫోటోలో ఎవరో అమ్మాయి వెండి గొలుసు, బంగారు గొలుసు, రాగి రంగు గాజు కలిపి వేసుకుని నవ్వుతోంది. మొదటిసారి చూసినప్పుడు ఒంటికాలి మీద లేచాను. ఆ తర్వాత నాకే నవ్వొచ్చింది. దీనికోసం ఫోను చూడాలా? టెక్కలిలో బస్సు మారి సంతబొమ్మాళి వైపు వెళ్ళి మా అత్తను చూస్తే చాలదూ?

అత్తది సముద్రం ఒడ్డు ఊరు. మావ వేటకు వెళ్తాడు. అత్త ఇసుకలో చేపలు ఎండబెడుతుంది, గంపకెత్తుకుని టెక్కలి దాకా వచ్చి అమ్ముతుంది. ఆవిడ ఒంటి మీద లేని లోహం లేదు. ముక్కుకు కుడివైపు బంగారు పుడక, ఎడమవైపు వెండి పుడక. చెవులకు బంగారు దుద్దులు, వాటి పైన చెవి అంచు వెంట వెండి రింగులు. ఎడమ చేతికి లావుపాటి వెండి మురుగు, దాన్ని ఆనుకుని ఇత్తడి గాజులు, వాటి మధ్యలో ఆకుపచ్చ మట్టిగాజులు. కుడి చేతికి ఇనప కడియం. వేలికి రాగి చుట్టు. నడుముకు వెండి గొలుసు, దానికి ఇనప్పెట్టె తాళం. పుస్తెల తాడుకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు, చేతిలో చేప ముల్లు దిగితే తీసుకోవడానికి.

రాసుకుంటూ పోతే పాతసామాన్ల బండిలా అనిపిస్తుంది. కానీ మనిషిని ఎదురుగా చూస్తే అలా ఉండదు. గంప నెత్తిన పెట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుని అత్త నడిచి వస్తుంటే టెక్కలి బజార్లో బంగారం కొట్ల ముందు నిలబడ్డ ఆడవాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు. నా షాపులో వేల రకాల సరుకుంది. దాన్ని చూసి ఒక్కరైనా అలా ఆగిపోగా నేను చూడలేదు. చాలాకాలం దీన్ని నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి కారణం కుళ్ళు.

ఒకసారి అడిగేశాను. "అత్తా, మెడలో రాగిది ఉంది సరే, వేలికి మళ్ళీ ఈ రాగి చుట్టెందుకు? అసలే ఒకటి ఎక్కువైంది కదా."

అత్త చేపలు తిరగేస్తూనే జవాబిచ్చింది. "ఒక్కతే ఉంటే అది పరాయిదాన్లాగ ఉంటాదే కోడలా. ఇంకోసోట ఇంకోటెడితే దానికి తోడుంటాది. సూసినోలకి కూడా ఏదో తగిలించుకున్నాది అనిపించదు, కావాలనే ఎట్టుకున్నాది అనిపిత్తాది."

ఆ రోజు నుంచి పరీక్షగా చూడడం మొదలుపెట్టాను. నిజమే. ముక్కున వెండికి చెవిన వెండి తోడు, నడుమున వెండికి చేతి మురుగు తోడు. కడియం ఇనుముకు తాళం ఇనుము. ఇత్తడి గాజులకు తోడు ఎక్కడా కనపడక, పట్టేశాను అనుకున్నాను. అది జాకెట్టు మీద ఉంది. సముద్రం గాలికి మామూలు హుక్కులు నెల తిరక్కుండా తుప్పు పట్టి గుడ్డను పాడు చేస్తాయి. అందుకని అత్త ఇత్తడి తీగ తెచ్చి, తనే వంచి, హుక్కులు చేసి కుట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళు ఈ వ్యాపారంలో ఉండి, రోజూ నలుగురికి పాఠాలు చెప్పే నేను ఒక జాకెట్టు హుక్కును ఆ కంటితో చూడలేదు. అత్త ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఆవిడకు కన్నుంది, అంతే.

అయితే రాగి పుస్తె అందం కోసం వచ్చింది కాదు.

నాన్నా అత్తా నౌపడలో ఉప్పుమళ్ళ మీద బతికిన ఇంటి పిల్లలు. తాత ముందే పోయాడు. అత్త పెళ్ళి కుదిరిన ఏడాది కాలం కాని కాలంలో వాన పడి, కుప్పలు పోసిన ఉప్పంతా కరిగిపోయింది. పెళ్ళివారు మంచివాళ్ళు, మీరేమీ పెట్టకపోయినా పర్లేదన్నారు. నానమ్మ మాత్రం పుట్టింటి పుస్తె లేకుండా పిల్లను పీటల మీద కూర్చోబెట్టనని మొండికేసింది. నాన్నకు అప్పటికి ఇరవై కూడా లేవు. ఇంట్లో కాస్త విలువైన లోహమంటే నానమ్మ మంచినీళ్ళ చెంబు ఒక్కటే, రాగిది. నాన్న దాని అడుగు కోయించి, కంసాలి చేత గుండ్రంగా కొట్టించి, మధ్యలో పొంగు తీయించి తెచ్చాడు. ఏడాది తిరిగేలోగా దీని స్థానంలో బంగారంది పెడతానని పందిట్లో అందరి ముందూ మాటిచ్చాడట.

ఏడాది కాస్తా ఆరేళ్ళయింది. చివరికి బంగారు పుస్తె చేయించి పట్టుకెళ్ళాడు. అత్త దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది. తర్వాత కరిగించి చెవి దుద్దులు చేయించుకుంది. రాగిది మెడలోనే ఉండిపోయింది.

ఎందుకు ఉంచుకున్నావని నాన్న అడగలేదు. ఎందుకు ఉంచుకున్నానో అత్త చెప్పలేదు. మా ఇంట్లో నోళ్ళు పెద్దవే, కానీ మాట్లాడాల్సిన దగ్గర ఒక్కటీ పెగలదు. నాన్న తనకు తానే ఒక అర్థం తీసుకున్నాడు. చెల్లెలు ఎదురుగా కూర్చుంటే ఆయన నేల చూస్తూ మాట్లాడేవాడు. అత్త ఊరు వెళ్ళడం కూడా మానేశాడు, అత్తే వచ్చి చూసి పోయేది. ఒక్కసారి మాత్రం, ఏదో కోపంలో ఉండి, నాతో అన్నాడు.

"అది పుస్తె కాదే. మాట తప్పినానని నలుగురిలో నన్ను ఎత్తిపొడవడానికి ఏలాడదీసుకున్నాది. నాను సచ్చినా అది తియ్యదు."

పోయిన వేసవిలో మా అమ్మాయి ఓణీల ఫంక్షను పెట్టుకున్నాం, టెక్కలిలో హాలు తీసుకుని. ఇంటి ఆడవాళ్ళందరికీ చీరలూ నగలూ నేనే లెక్క చూశాను. ఫోటోలో అందరూ ఒక్క తీరుగా ఉండాలని నా పట్టుదల. అత్త దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. ఫోటో కోసం చేశానంటే అది సగం నిజం. నాన్న కోసం చేశానంటే అదీ సగం నిజమే. ఆయన ఆ రోజైనా తలెత్తి చెల్లెల్ని చూస్తాడనుకున్నాను. తెలివైనదాన్ని కదా, పైగా చేతిలో పనిముట్లున్నాయి.

ఫంక్షనుకు ముందురోజు పొద్దున్నే అత్త ఊరు వెళ్ళి, "పుస్తెల తాడు మాసిపోయిందత్తా, కొత్తది వేయించి సాయంత్రానికి తెచ్చేస్తాను" అన్నాను. అత్త పసుపుకొమ్ము దారానికి కట్టి మెడలో వేసుకుని, అప్పుడు పుస్తెలు తీసి నా చేతిలో పెట్టింది. నేను వాటిని పలాస తెచ్చి, నా సరుక్కి కోటింగ్ వేసే అతనికిచ్చాను. రాగిదానికి బంగారం పూత వేయించాను. లోపలున్నది అదే రాగి, పైకి కనపడేది బంగారం. ఎవరి మనసూ నొప్పించకుండా పని అయిపోయిందని, సాయంత్రం ఆటోలో తిరిగి అత్త ఊరికి వస్తూ నన్ను నేనే మెచ్చుకున్నాను.

అత్త చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసింది. వెలుతురు ఇంకా బాగానే ఉంది, దాచడానికేమీ లేదు.

"ఏటే ఇది? ఏటి సేసినావు?"

"మెరుగు పెట్టించానత్తా. ఫోటోల కోసం."

మావ వల బాగుచేసుకుంటూ తల ఎత్తి, "బాగున్నాదే, కొత్త పెల్లికూతుర్లాగున్నావు" అని నవ్వాడు. అత్త నవ్వలేదు. అరచేతిలో పుస్తెను అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రాసి చూసి, మెడలో కట్టుకుంది.

"మనవరాలి పండగ. నీ మనసు ఎందుకు కష్టపెట్టాల. రేపు అయ్యేదాకా ఉంటాది" అంది. ఆ మాటకు నాకు కోపమొచ్చింది కూడా. ఇంత చేస్తే ఒక్క మంచి మాట అనలేదని దారంతా గొణుక్కున్నాను.

మర్నాడు హాల్లో అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి అక్షింతలు వేశాక, భోజనాలకు ముందు, అత్త వెళ్ళి నాన్న పక్కన కుర్చీలో కూర్చుంది. నాన్నకు ఒక కంటికే ఆపరేషనయింది, రెండోది మసక. అయినా లైట్ల కింద ఆ రెండు పుస్తెలూ మెరిసేసరికి ఆయన తల ఎత్తాడు. నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను. నా కష్టం ఫలించిందనే అనుకున్నాను. నాన్న వంగి, దగ్గరగా చూశాడు. మొహం నల్లబడిపోయింది.

"ఎవుడెట్టినాడే?" అన్నాడు.

అత్తకు వెంటనే అర్థం కాలేదు.

"నాను ఎడితే కరిగించి సెవులకెట్టుకున్నావు. ఎవుడో ఎడితే మెడకెక్కినాది. మీ ఆయన సేయించినాడా, కొడుకులు సేయించినారా? పుట్టింటి పుస్తె ఇంకోలు ఎట్టినారంటే నీకు పుట్టిల్లు లేనట్టే గదే. నాను పోయినట్టే గదా?"

గొంతు పెద్దది చేయలేదు. అయినా చుట్టూ ఉన్న నాలుగు కుర్చీలూ ఇటు తిరిగాయి. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. పుట్టింటి పుస్తె మారిందంటే పుట్టిల్లు మారినట్టని మా వైపు చిన్నపిల్లకు కూడా తెలుసు. మ్యాచింగ్ చూసుకునే తొందరలో ఆ పుస్తె ఎవరి తరఫున వేలాడుతోందో నేను చూడలేదు. "నాన్నా, అది..." అని నోరు తెరిచాను. అత్త చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నువ్వు మాటాడకు" అంది. నాన్న చెయ్యి పట్టుకుని లేపింది. "నాతో రా అన్నియ్యా."

హాలు వెనక గిన్నెలు తోముతున్నారు. అత్త పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, అక్కడి మనిషి దగ్గర స్టీలు పీచు అడిగి తీసుకుంది. వంటవాళ్ళ దగ్గర్నుంచి చింతపండు, గుప్పెడు ఉప్పు తెచ్చుకుంది. తాడు మెడలో ఉండగానే పుస్తెను ఎడమచేతి వేళ్ళతో బిగించి పట్టుకుని, తల వంచి, తోమడం మొదలుపెట్టింది. ఫోటోగ్రాఫరు ఎక్కడ చూస్తాడో అని నా భయం. నా బుద్ధి అప్పటికీ అక్కడే ఉంది. నాన్న గోడకు చేరబడి చూస్తున్నాడు. పూత పల్చనిది, అంచుల్లో ముందు లేచింది. పొంగు దగ్గర కాసేపు మొండికేసింది. అత్త గోళ్ళ నిండా చింతపండు, చీర మీద మరకలు. చివరికి నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, నాన్న మొహం దగ్గర పెట్టింది. ఎర్రగా, కొత్త చెంబులా ఉంది.

"సూడు. నువ్వెట్టిందే. నీ కూతురు పూత ఎట్టించినాది, మంచికే సేసినాది, దాన్ని ఏటీ అనకు. ఇన్నేల్లలో ఒక్క పూటా ఇది నా మెడ దిగలేదు, నిన్న తప్ప."

నాన్న దాన్ని ముట్టుకోలేదు. "మరి బంగారందెందుకు ఎట్టుకోలేదే?" అన్నాడు. ఆ ప్రశ్న బయటికి రావడానికి అన్నేళ్ళు పట్టింది.

"ఎందుకెట్టుకుంటాను? బంగారం కొట్లో దొరుకుతాది. ఇది అమ్మ సెంబు. పెల్లి ముందు రోజు ఈ సెంబుతోనే అమ్మ నాకు తలకి నీల్లు పోసినాది. దాన్ని నువ్వు కోసుకొచ్చి నా మెడకి కట్టించినావు. ఆ పొద్దు ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఉన్నదంతా ఇచ్చేసినోడు ఇంకా ఏటి బాకీ పడతాడు? నువ్వు తెచ్చిన బంగారం సెవులకెట్టుకుని తిరుగుతన్నాను గదా, అది కనబడలేదేటి నీకు?"

నాన్న చెల్లెలి చెవుల వైపు చూశాడు. తర్వాత, "నన్ను ఎత్తిపొడవడానికి అనుకున్నానే" అన్నాడు.

"ఓలమ్మ! ఎత్తిపొడవాలంటే నాకు నోరు లేదేటి?" అంది అత్త.

అక్కడ గిన్నెలు తోముతున్న ఇద్దరూ నవ్వేశారు. నాన్న నవ్వలేదు కానీ, భోజనాల దగ్గర చెల్లెలి పక్కనే కూర్చున్నాడు. ఆల్బమ్‌లో అత్త చీర మీద చింతపండు మరకలతో, ఒక పుస్తె పసుపుగా ఒక పుస్తె ఎర్రగా పడింది. అన్ని ఫోటోల్లోకీ అదే బాగుంది. మ్యాచింగ్ సెట్లు వేసుకున్న మేమంతా ఒకే కొట్లో కొన్న బొమ్మల్లా ఉన్నాం. ఈ మాట నా అంతట నేను రాయడం నాకు తేలికైన పని కాదు.

వారం తర్వాత పొద్దున్నే నాన్న చొక్కా వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అత్త ఊరు తీసుకెళ్ళమన్నాడు. ఏం పనని అడిగితే, "ఒక మాట అడగాల, అంతే" అన్నాడు. షాపు తెరవకుండానే బండి మీద ఎక్కించుకుని వెళ్ళాను.

అత్త ఇసుకలో చేపలు పరుస్తోంది. అన్న తన ఊరు రావడం చూసి గంప వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చింది. నీళ్ళిచ్చింది, చాప వేసింది, ఏం వండమంటావని మూడుసార్లు అడిగింది. నాన్న నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"రాగి ఒంటికి పడదంటారు గదే కొందరికి. నీకు ఏటీ అవదా?"

అత్త తాడు పట్టి పుస్తెలు పక్కకు జరిపింది. మెడకు నాలుగు వేళ్ళ దిగువన, చర్మం మీద, సరిగ్గా రాగి పుస్తె ఆనే చోట పచ్చటి మచ్చ ఉంది. అర్ధరూపాయంత. నేను ఇన్నేళ్ళలో చూడలేదు. నాన్న ఇన్నాళ్ళూ అసలు ఆ వైపే చూడలేదు.

ఆయనకు కళ్ళు నిండిపోయాయి. తువ్వాలు చివర గ్లాసులో మిగిలిన నీళ్ళలో ముంచి, చిన్నపిల్లకు చాచినట్టు చెల్లెలి ముందుకు చాచాడు. "తుడుచుకోయే" అన్నాడు.

"తుడిత్తే పోతాది అన్నియ్యా. రేపటికి మల్లా వచ్చేత్తాది" అంది అత్త. "రోజూ వత్తాది."

నాన్న కాసేపు ఆ మచ్చను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు.

"అయితే ఉండనీ" అన్నాడు.